రంపం తొట్టిలో మడ్డి



రాళ్లు కోసే రంపం గురించి ఎవరిని కదిలించినా మాట బ్లేడు మీదికే పోతుంది. ఎంత మందం, ఎన్ని కోతలు వచ్చింది, ఎంతకు కొన్నారు, ఎన్నాళ్లకు మార్చారు అని అడుగుతారు. బ్లేడు కింద ఉండే తొట్టి ఊసు ఎవరూ ఎత్తరు. ఆ తొట్టిలో నీళ్లుంటాయి, కొన్ని రంపాల్లో నూనె ఉంటుంది. అడుగున రాతిపొడి దిగి మడ్డిగా పేరుకుని ఉంటుంది. నీళ్లు తగ్గితే పోయాలని అందరికీ తెలుసు. మడ్డి తీయాలని తెలియక కాదు, అది ఎప్పుడూ రేపటి పనిగా మిగిలిపోతుంది. రంపాన్ని చల్లబరిచే ఏర్పాటును కాపాడుకోవడంలో అసలైన పని ఆ మడ్డిని తడి ఆరకముందే తీసి బయటికి చేర్చడమేనని నా వాదన. బ్లేడు ఆయుష్షుకు అదే ఆధారం, దాని ముందు నిలబడిన మనిషి ఊపిరితిత్తులకూ అదే ఆధారం. ముఖ్యంగా అగేటు, స్ఫటికం, పలుగు వంటి రంగురాళ్లను పూసలుగా, ఉంగరపు రాళ్లుగా మలిచేవారి బల్లమీది రంపాన్ని దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నాను. అయితే చీమకుర్తిలోనో కరీంనగర్‌లోనో గ్రానైట్ దిమ్మెల్ని కోసే పెద్ద మిషన్లకూ సూత్రం ఇదే, కొలతలే వేరు.

ముందు కోత ఎలా జరుగుతుందో చూద్దాం. వజ్రపు బ్లేడుకు కట్టెకోత రంపానికి ఉన్నట్టు పళ్లుండవు. పలుచని ఉక్కు బిళ్ల అంచు చుట్టూ కంచు వంటి లోహపు పట్టీ ఉంటుంది, ఆ లోహంలో సన్నని వజ్రపు పలుకులు పొదిగి ఉంటాయి. పేరుకు కోత అంటాం గానీ అది రాయిని అరగదీయడమే. 25 సెంటీమీటర్ల బ్లేడు నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతోందనుకుందాం. అంచు మీది ఒక్కొక్క వజ్రపు పలుకు సెకనుకు 26 మీటర్ల చొప్పున పరుగెడుతుంది. ఒక చుట్టుకు పట్టే కాలం సెకనులో వెయ్యోవంతులు 30. మనం కోస్తున్న రాయి 5 సెంటీమీటర్ల మందం ఉంటే, ఆ పలుకు రాయిలో గడిపేది అందులో 2 వంతులు మాత్రమే. మిగిలిన 28 వంతులూ రాయికి బయటే ఉంటుంది. ఆ వ్యవధిలోనే అది తొట్టిలో మునిగి చల్లారాలి, చుట్టూ అంటుకున్న పొడిని వదిలించుకోవాలి, తర్వాతి కోతకు కావలసిన తడిని అంచున మోసుకుని పైకి రావాలి. అంటే రంపం తన కాలంలో పదిహేనో వంతు మాత్రమే కోతకు ఇచ్చి, తక్కిన పద్నాలుగు వంతులూ తొట్టి చేసే పనికి వదిలిపెడుతోంది. ఆ తొట్టిని మనం పట్టించుకోకపోతే బ్లేడు ఎంత ఖరీదైనదైనా దాని పని సగంలోనే ఆగినట్టు.

వజ్రం కదా, దానికేమవుతుందన్న ధీమా చాలామందిలో ఉంది. వజ్రం గట్టిదే, కానీ నిప్పుకు అతీతం కాదు. పద్దెనిమిదో శతాబ్దిలో, 1772 నుంచి జరిపిన ప్రయోగాల్లో ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజే పెద్ద కటకంతో సూర్యకాంతిని వజ్రం మీద పడేలా చేసి, అది గాలిలో మండిపోతుందని చూపించాడు. 1797లో స్మిత్సన్ టెనెంట్ అనే ఇంగ్లిషు రసాయన శాస్త్రవేత్త, వజ్రం అచ్చమైన కర్బనమేనని తేల్చాడు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో పుట్టి గోల్కొండ పేరుతో లోకమంతా తిరిగిన వజ్రాలకూ, ఇప్పటి బ్లేడ్లలో వాడే కృత్రిమ వజ్రపు పలుకులకూ ఈ విషయంలో తేడా లేదు. గాలి తగులుతూ 700, 800 డిగ్రీల వేడి చేరితే రెండూ పాడవుతాయి. ఎండురాతి మీద రాపిడి జరిగే చోట, ఆ పలుకు కొనన, అంత వేడి పుట్టడం పెద్ద విశేషం కాదు. బ్లేడు మొత్తం అంత వేడెక్కాల్సిన పని కూడా లేదు. దానికి చాలా ముందే ఉక్కు బిళ్ల ఒకవైపు సాగి పళ్లెంలా వంగిపోతుంది. ఒకసారి వంగిన బ్లేడుతో తిన్నని కోత రమ్మంటే రాదు.

నీళ్లు ఎంత ఉండాలన్నదానికి కొలత సులభమే. తొట్టిలో మునిగి తిరిగే చిన్న రంపానికి అంచు ఆరు మిల్లీమీటర్ల నుంచి ఒక సెంటీమీటరు దాకా మునిగితే చాలు. అంతకు తక్కువైతే అంచు పొడిగా తిరుగుతుంది. మరీ ఎక్కువైతే బ్లేడు నీళ్లను చిలికి గదంతా తుంపర చేస్తుంది, మోటారు మీద బరువు పడుతుంది. ఈ కొలత మోటారు ఆపి చూడాలి. కోత సాగుతున్నకొద్దీ చిందులతోనూ ఆవిరితోనూ మట్టం దిగిపోతూ ఉంటుంది కాబట్టి పొద్దున చూశాం కదా అని సాయంత్రం దాకా ఊరుకోకూడదు. పంపుతో నీళ్లు కొట్టే రంపాల్లో ఇంకో సంగతి కనిపెట్టాలి. నీటిధార బ్లేడుకు రెండు వైపులా పడుతోందా? ఒకవైపు సన్నని గొట్టం మూసుకుపోతే, ఒక ముఖం తడిగానూ ఇంకో ముఖం వేడిగానూ ఉండి బ్లేడు వేడి వైపుకు లాగుతుంది. కోత వంకర వచ్చినప్పుడు రాయిని సరిగా బిగించలేదని తిట్టుకునేవాళ్లు ముందు ఆ గొట్టాన్ని ఊది చూడాలి. ప్రకాశంలో, నల్లగొండలో, రాయలసీమలో చాలాచోట్ల బోరునీళ్లు కాఠిన్యం ఎక్కువ ఉన్నవి. పాత్రల్లో తెల్లగా కట్టే సున్నమే ఆ సన్నని రంధ్రాల్లోనూ కడుతుంది. వారానికోసారి విప్పి వెనిగర్‌లో నానబెడితే కరిగిపోతుంది.

ఇక మడ్డి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. రెండు మిల్లీమీటర్ల మందం కోత పెట్టే బ్లేడుతో పది సెంటీమీటర్ల పొడవు, పది సెంటీమీటర్ల ఎత్తు ఉన్న అగేటు ముక్కను ఒక్కసారి కోశారనుకోండి. ఆ గాటులో ఉన్న రాయంతా పొడి అయిపోతుంది. లెక్క వేస్తే 20 ఘన సెంటీమీటర్లు, బరువులో 53 గ్రాములు. ఒక్క కోతకు 53 గ్రాముల రాతిపొడి తొట్టిలో పడితే, రోజుకు ఇరవై కోతలకు కిలో దాటిపోతుంది. ఆ పొడిలో లావు కణాలు త్వరగానే అడుగుకు దిగుతాయి. పది మైక్రాన్ల కణం, అంటే వెంట్రుక మందంలో ఏడో వంతు ఉన్నది, పది సెంటీమీటర్ల లోతు నీటిలో ఇరవై నిమిషాల్లో దిగుతుంది. ఒక మైక్రాన్ కణానికి అదే లోతు దిగడానికి సుమారు 30 గంటలు పడుతుంది. అందుకే రాత్రంతా కదపకుండా ఉంచిన తొట్టిలో కూడా పొద్దున నీళ్లు పల్చటి మజ్జిగ రంగులోనే ఉంటాయి. ఆ నీళ్లను పంపు మళ్లీ బ్లేడు మీదికి ఎక్కిస్తుంది. చల్లారాల్సిన చోట చల్లారుతూనే, బ్లేడు చెంపలకు సన్నని సానపిండి పట్టించినట్టవుతుంది. అంచు పట్టీ కింద ఉన్న ఉక్కు అరిగి సన్నబడుతుంది, చివరికి వజ్రపు పలుకులు ఇంకా మిగిలి ఉండగానే పట్టీ ఊడిపోతుంది. పంపు రెక్కలు, ఇరుసు దగ్గరి బేరింగులు కూడా ఇదే పిండికి అరుగుతాయి. కొన్నాళ్లకు రంపం గీ పెట్టడం మొదలవుతుంది, కోత నెమ్మదిస్తుంది. యజమాని బ్లేడు నాసిరకమని నిర్ణయించేస్తాడు. మొద్దుబారిన బ్లేడును మెత్తని ఇటుక ముక్క మీదనో పాత సానరాయి మీదనో నాలుగైదు గాట్లు కోయించి పదును తెప్పించవచ్చు. కానీ తొట్టిలో మడ్డి అలాగే ఉంటే ఆ పదును ఎన్నాళ్లో నిలవదు.

బ్లేడు డబ్బుతో వస్తుంది. అంతకంటే పెద్ద సంగతి మనిషి ఊపిరి. అగేటు, పలుగు, స్ఫటికం ఇవన్నీ దాదాపు అచ్చమైన సిలికా. ఆ పొడి సన్ననిదైనకొద్దీ ఊపిరితిత్తుల చివరి అరల దాకా చేరుతుంది, అక్కడ మచ్చ కట్టిన కణజాలాన్ని పుట్టిస్తుంది. ఆ జబ్బు పేరు సిలికోసిస్. వచ్చాక తగ్గించే మందు లేదు. మన ఫ్యాక్టరీల చట్టం 1948 మూడో షెడ్యూలులో, కనిపెట్టిన వెంటనే ప్రభుత్వానికి తెలియజేయాల్సిన వ్యాధుల్లో దీన్ని చేర్చారు. 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ స్ఫటిక సిలికా పొడిని మనిషికి క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో చేర్చింది. అమెరికాలో 2016లో తెచ్చిన నిబంధన, ఎనిమిది గంటల పనిదినానికి గాలిలో ఘనమీటరుకు 50 మైక్రోగ్రాములకు మించి ఉండకూడదంటుంది. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న చిన్న గదిలో ఇది మొత్తం ఒకటిన్నర మిల్లీగ్రాములు కూడా కాదు. చిటికెడు ఉప్పులో నూరోవంతుకైనా సరిపోదు. మన తొట్టిలో ఒక్క కోతకు చేరేది 53 గ్రాములు. ఆ మొత్తంలో పావు వంతు కూడా కాదు, వెయ్యోవంతు ఎగిరినా ఆ గది గాలి ఎన్నో రెట్లు హద్దు దాటిపోతుంది. దానికితోడు ఒక మైక్రాన్ పలుగు కణం నిశ్చలమైన గాలిలో మనిషి ముఖం ఎత్తు నుంచి నేలకు దిగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. మిషన్ ఆపి, గది ఊడ్చి, తలుపు మూసినా పొడి గాలిలోనే ఉంటుందన్నమాట.

ఇక్కడ నీళ్లు చేసే మేలు స్పష్టం. నీళ్లు పొడిని పుట్టకుండా ఆపవు, పుట్టిన చోటనే తడిపి పట్టేస్తాయి. అంతవరకు బాగుంది. కానీ పట్టుకున్న దాన్ని నీళ్లు నాశనం చేయవు, తొట్టిలో దాచిపెడతాయి. తడి ఉన్నంతసేపే ఆ బందిఖానా. తొట్టి గోడలకు అంటిన మడ్డి, రంపం బల్ల మీద చింది ఎండిన బురద, పనివారి చొక్కాల మీద తెల్లగా కట్టిన పొర, మూల పడేసిన గుడ్డ, ఇవి ఎండిన మరుక్షణం పొడి మళ్లీ గాలికి విడుదల అవుతుంది. రోజంతా జాగ్రత్తగా నీళ్లు కొట్టి సాయంత్రం ఎండిన బల్లను చీపురుతో ఊడ్చేవాళ్లు, ఆ పగలంతా నీళ్లు కాపాడినదాన్ని ఒక్క నిమిషంలో పోగొట్టుకుంటున్నారు. మెత్తని రాయి కదా అని ధైర్యపడేవారికి మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్ కనబడుతూనే ఉంది. మన పిల్లలు పలక మీద దిద్దిన బలపాలు అక్కడ తయారయ్యేవి. బలపపు రాతిని మిషన్ రంపాలతో నీళ్లు లేకుండా కోసేవారు, వయసులో ఉన్నవాళ్లే సిలికోసిస్‌తో కుప్పకూలారు. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ వారి పరిశోధనల్లో అది నమోదైంది. గుజరాత్‌లోనే ఖంభాత్‌లో తరతరాలుగా అగేటు సానపడుతున్నారు, రాయి రతన్‌పూర్ గనుల నుంచి వస్తుంది. అక్కడ సానరాయి ముట్టని ఇరుగుపొరుగువారిలో కూడా ఆ జబ్బు కనబడింది. ఇంటి ముంగిట పేరుకున్న పొడికి ఎవరు పనివారు, ఎవరు కారు అన్న భేదం లేదు.

కొందరు అడుగుతారు, మాస్కు పెట్టుకుంటే పోదా అని. మాస్కు వద్దనను, పెట్టుకోండి. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది గమనించాలి. అమెరికా కార్మిక శాఖలోని ఓషా అనే భద్రతా విభాగం, కట్టడపు పనుల్లో ఏ మిషన్‌కు ఏ రక్షణ ఉండాలో పట్టికగా ఇచ్చింది. అందులో ఒకచోట నిలబెట్టి రాళ్లు కోసే రంపానికి, బ్లేడుకు ఆగకుండా నీరందించే ఏర్పాటు ఉండి, తయారీదారు చెప్పిన ప్రకారం దాన్ని నడిపి, సరిగా చూసుకుంటే, పనివాడికి మాస్కు అవసరమని రాయలేదు. నీటికి అంత విలువ ఇచ్చారు. కానీ ఆ వాక్యంలో చూసుకోవడం అనే మాట ఉంది, దాన్ని మనం వదిలేసి చదువుతున్నాం. మన ఎండలకు, ఉక్కపోతకు, గంటల తరబడి ముక్కుకు బిగుతుగా పట్టే మాస్కు ఎవరూ ఉంచుకోలేరు. జారిన మాస్కు పని చేయదు. తడిగా తీసేసిన మడ్డి మాత్రం మనిషి ఓపిక మీద ఆధారపడదు.

మరి నీళ్లకు బదులు నూనె వాడితే ఈ గొడవ ఉండదు కదా అన్నది ఇంకో వాదన. నూనెలో కొంత నిజముంది. పెద్ద రంపాల్లో బాగా శుద్ధి చేసిన ఖనిజ తైలం వాడటం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. అది జారుడునిస్తుంది, ఇనుముకు తుప్పు పట్టనివ్వదు, ఆవిరి కాదు. కానీ వేడిని మోయడంలో నీటిదే పైచేయి. బరువుకు బరువు చూస్తే నీరు నూనెకంటే రెట్టింపు వేడిని తీసుకుంటుంది, వేడిని పారించడంలో నాలుగింతలకు పైనే. పైగా పీరోజా, ఒపల్ వంటి రాళ్లు నూనె పీల్చుకుని రంగు మారిపోతాయి. ఇంకో ముఖ్యమైన సంగతి, నూనెలో కూడా మడ్డి దిగుతుంది, మరింత మెల్లగా. దాన్ని కాగితపు సంచుల్లో వడగట్టి నూనె తిరిగి వాడుకోవాలి. చవకని చెప్పి కిరోసిన్, డీజిల్ పోసేవాళ్లున్నారు. కిరోసిన్ ఆవిరి నిప్పంటుకోవడానికి కావలసిన వేడి 40 డిగ్రీలకు అటూ ఇటూ మాత్రమే. అది మన వైశాఖంలో నీడలో ఉండే వేడి. బ్లేడు దాన్ని తుంపర చేసి గదినిండా చల్లుతుంటే, పక్కనే మోటారు నిప్పురవ్వలు రాలుస్తుంటే, దాన్ని పొదుపు అనడానికి నాకు నోరు రాదు.

నీళ్లు ఎక్కడివి, బోరు ఎండిపోతోంది, వారం వారం తొట్టి మార్చమంటే ఎలా అని అడగడం న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు కూడా మడ్డిలోనే ఉంది. నీళ్లను పారబోయమని నేననడం లేదు, తేరనివ్వమంటున్నాను. మూడు డ్రమ్ములు వరుసగా పెట్టి, మొదటిది నిండగానే పై తేట రెండోదానిలోకి, దాని తేట మూడోదానిలోకి పొర్లేలా కడితే, మూడోదాని పైభాగం నుంచి పంపు తీసుకోవచ్చు. అడుగున దిగిన ముద్దను గుడ్డలో పోసి వేలాడదీస్తే ఆ నీళ్లూ తిరిగి వస్తాయి. పూర్తి తేట రాకపోవచ్చు, ఇందాక చెప్పిన ఒక మైక్రాన్ కణాల సంగతి ఉంది కదా. అయితే వాటికంటే బ్లేడును ఎక్కువగా అరగదీసేవి లావు కణాలు, అవి మొదటి డ్రమ్ములోనే ఆగిపోతాయి. కొత్తగా పోయాల్సిన నీళ్లు ఆవిరైనంత, చిందినంత మాత్రమే. మడ్డిని మురుగుకాలువలో వదిలేస్తే మాత్రం అక్కడ రాయిలా గట్టిపడి కాలువను పూడ్చేస్తుంది. రోడ్డుపక్కన ఆరబోసిన మడ్డి గుట్టలు గాలివాటుకు ఎవరి ఊపిరిలో చేరతాయో చెప్పలేం.

ఇంకొక అభ్యంతరం కాస్త తెలిసినవారి నోటే వస్తుంది. మన రాళ్లలో సిలికా తక్కువ కదా అని. ఒక విధంగా నిజమే. చీమకుర్తి గెలాక్సీ రాయిని వ్యాపారంలో గ్రానైట్ అంటున్నా, భూగర్భ శాస్త్రం దృష్టిలో అది గాబ్రో జాతి. నల్లటి నేల మీద బంగారంలా మెరిసే ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం, ఆ రాయిలో పలుగు చాలా తక్కువ. అయితే అదే గదిలో, అదే రంపం మీద, మర్నాడు ఎర్ర గ్రానైట్ కోస్తారు, దానిలో పావు వంతు పలుగుంటుంది. ఆ తర్వాత వంటింటి గట్టు కోసం కృత్రిమ క్వార్ట్జ్ పలక కోస్తారు, దాని బరువులో తొంభై శాతం దాకా సిలికానే. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ కృత్రిమ రాయిని నిషేధించడానికి కారణం దాన్ని కోసిన యువకుల్లో కనిపించిన సిలికోసిసే. తొట్టిలో మడ్డి మాత్రం మూడు రాళ్లదీ కలిసిపోయి ఉంటుంది.

చేయాల్సింది ఎక్కువేమీ కాదు. నీళ్లూ కరెంటూ దగ్గర దగ్గరగా ఉండే పని కనుక ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఆర్‌సీసీబీ స్విచ్ తప్పనిసరి. ప్లగ్‌లోకి నీళ్లు పాకకుండా వైరు కిందికి వంపు తిరిగి మళ్లీ పైకి వచ్చేలా కట్టాలి. పని ముగిశాక మోటారు ఆపి ప్లగ్ తీసి, బ్లేడు నీళ్లలో నానకుండా తొట్టి వంచేయాలి, లేకుంటే రాత్రికి రాత్రే ఉక్కు తుప్పు పడుతుంది. తొట్టి అడుగున దిగిన పెరుగులాంటి ముద్దను ప్లాస్టిక్ చెంబుతో ఎత్తి, పాత యూరియా సంచిలో పోసి మూతి కట్టేయాలి, అది ఇంకా తడిగా ఉండగానే. తడిగుడ్డతో బల్ల తుడిచి, ఆ గుడ్డను కూడా ఆరకముందే బకెట్టు నీళ్లలో జాడించాలి. ఆ బకెట్టు నీళ్లు మొదటి డ్రమ్ములో పోయాలి. మర్నాడు పొద్దున తేట నీళ్లు పోసి, రాయిని తాకించకుండా బ్లేడును ఒట్టిగా తిప్పితే, అంచుకు రెండువైపులా తడి మెరుస్తూ కనబడుతుంది. అప్పుడు రాయి పెట్టాలి.